రెండు కిలోమీటర్ల పొరపాటు

సర్వీసు చివరి మూడేళ్ళు నెల్లూరు తీరంలోని ఒక మండలంలో సర్వేయరుగా పనిచేశాను. రిటైరయ్యే ఏడాది మార్చిలో సువార్తమ్మ గారనే టీచరు మా ఆఫీసుకు వచ్చారు. ఆమె తమ వంశ చరిత్ర రాసుకుంటున్నారు. పెద్దలు పుట్టిన చోటుకూ, సమాధి అయిన చోటుకూ అక్షాంశ రేఖాంశాలు కావాలి. కంప్యూటరులో ఆ అంకెలు నింపితే మ్యాపు మీద చుక్క పడుతుంది. ఒక్కటే దొరకలేదు: వాళ్ళ అమ్మ ఎస్తేరమ్మ గారు పుట్టిన పాళెం. ఆమె చిన్నతనంలో ఉప్పెన వచ్చి అది కొట్టుకుపోయింది. అందులో చనిపోయిన ఎస్తేరమ్మ గారి చెల్లెళ్ళిద్దరినీ అక్కడే ఇసుకలో పూడ్చిపెట్టారు.

ఇది ఆఫీసు పని కాదు, సాయంగా చేశాను. మా ఆఫీసు మ్యాపులో ఆ పేరుతో ఊరు కనిపించింది. ఊరి నడుమ చర్చి దగ్గర చుక్క పెట్టి అంకెలు రాసిచ్చాను. పది నిమిషాలు పట్టింది.

తరువాతి ఆదివారం సువార్తమ్మ గారు తల్లిని ఆటోలో అక్కడికి తీసుకువెళ్తూ నన్నూ రమ్మన్నారు. ఎస్తేరమ్మ గారికి ఎనభై దాటాయి, చూపు ఆనదు. ఆటో దిగి కాసేపు నిలబడ్డారు.

"ఇది కాదు నాయనా. మా ఇంటికాడ సముద్రం హోరు ఇనపడతా ఉండేది. ఈడేమీ ఇనపడలా," అన్నారు.

వయసు మీద పడి వినికిడి తగ్గి ఉంటుందని, మ్యాపులో చోటు ఇదేనని చెప్పాను.

"చదువుకున్నోళ్ళు. మీరు చెప్పినాక ఇంకేముంది," అని కూతురి చెయ్యి పట్టుకుని మోకరించి, చెల్లెళ్ళ పేర్లు చెప్పి ప్రార్థన చేశారు.

ఆ మాట నన్ను వదల్లేదు. అయినా భూముల కొలతల పనిలో పడి, మూడు వారాలకు గాని రికార్డు గదికి వెళ్ళలేదు. పాత గ్రామ పటంలో గ్రామకంఠం, అంటే ఇళ్ళకు వదిలిన నేల, సముద్రం పక్కనే ఉంది. ఉప్పెన తరువాత మిగిలినవాళ్ళకు లోపలివైపు స్థలాలిచ్చారు. పేరు కూడా వాళ్ళతోనే వెళ్ళింది. మూడు గ్రామాలు కలిసే చోటి సరిహద్దు రాయి నుంచి కొలుచుకుంటూ పోయాను. నేను పెట్టిన చుక్కకు రెండు కిలోమీటర్లు తూర్పున, ఒక రొయ్యల గుంట కట్ట మీద తేలాను. అలల హోరు బాగా వినిపిస్తోంది.

ఇక్కడ పాత సమాధులేమైనా ఉండేవా అని గుంట దగ్గర కాపలా ఉన్నాయన్ని అడిగాను. "గుంట తవ్వేటప్పుడు ఎముకలు బయటపడినాయి సార్. మళ్ళా ఈ కట్టలోనే కలిపేసినారు," అన్నాడు.

సువార్తమ్మ గారికి ఫోను చేస్తే, అమ్మ పోయి నాలుగు రోజులైందన్నారు. ఇంటికి వెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఎముకల సంగతీ దాచలేదు.

"అమ్మ ఆ రోజే చెప్పింది కదా సార్," అన్నారామె. పాత అంకెలు కొట్టేసి కొత్తవి రాసుకున్నారు. నన్ను కూర్చోమనలేదు.

ఏ కాలం నాటి చోటో, ఏ పటం చూసి తీసుకున్నామో, ఎన్ని మీటర్ల తేడా ఉండొచ్చో రాయకుండా అంకెలు ఇవ్వకూడదు. ఇది మాకు శిక్షణలో నేర్పిందే. అక్కడ పుట్టిన మనిషి ఇది కాదన్నప్పుడు, మాట్లాడకుండా వెళ్ళి పాత రికార్డు తియ్యాలి. ముప్పై ఏళ్ళ సర్వీసు ఉండి కూడా నేను ఆ రోజు తియ్యలేదు.