ఆఫీసర్ కాదండి

చేసే పనిని దాచిపెట్టి కుదుర్చుకున్న సంబంధంలో మీకు కనబడే పరువేమిటి?

నేను సెలవు మీద ఆత్రేయపురం వచ్చినప్పుడు మా ఇంట్లో పెళ్లిచూపులు పెట్టారు. "అమ్మాయి ఓడలో ఆఫీసరండి," అన్నారు మా పెదనాన్న.

"కాదండి," అన్నాను. "డబ్బున్నవాళ్లు షికారుకెళ్లే చిన్న ఓడ అది. అందులో గదులు ఊడుస్తాను, దుప్పట్లు మారుస్తాను, బాత్రూములు కడుగుతాను."

పెళ్లికొడుకు తల్లి చేతిలోని పూతరేకును తిరిగి పళ్లెంలో పెట్టేశారు. "మా ఇంట్లో ఆ పనులకి మనిషి ఉందమ్మా."

"ఓడలో ఆ మనిషిని నేనేనండి. పెళ్లయినా మానను."

వాళ్లు వెళ్లిపోయారు. "ఒక్క అబద్ధమాడితే నీ సొమ్మేం పోయిందే?" అన్నారు పెదనాన్న. ఆడలేదు, ఇకముందు ఆడను కూడా. నెల తిరక్కుండా మళ్లీ ఓడెక్కాను.

మీ ఇంట్లో పెళ్లిచూపులు జరిగితే, పిల్ల చేసే పని ఏదైనా సరే, ఉన్నదున్నట్టు చెప్పండి.