వేరు ఉంచిన కూర

పొన్నగంటి కూర కళ్ళకు మంచిదని ఎవరైనా చెప్పడం మొదలుపెడితే నాకు విసుగొస్తుంది. మంచిదేమో, నాకు తెలియదు. మా అత్త బతుకంతా అదే తిన్నది. ఆవిడ కళ్ళ సంగతి చివర్లో చెబుతాను. నేను మాత్రం ఆ కూర మంచిదని తినలేదు, ఇంకోటి లేక తిన్నాను.

పెళ్ళయి యానాం వచ్చేటప్పటికి నాకు పదహారో, పదిహేడో. ఫ్రెంచి దొరలు వెళ్ళిపోయిన కొత్త. మా పుట్టింటివాళ్ళది గోదావరి అవతల వ్యవసాయం ఊరు. మా ఆయన ఇక్కడ రేవులో బస్తాలు దించేవారు. పడవ వస్తే పని, రాకపోతే లేదు. మా అత్త ఒక బంగళా తోటలో కలుపు తీసేది. దొరల కాలం నుంచీ అదే తోట. దొరలు పోయి ఆఫీసరుగారు వచ్చినా ఆవిడ పని ఆవిడకే ఉండిపోయింది. పీకిన కలుపు పీకినవాళ్ళదేనని అక్కడ వాడుక. అందుకని మా ఇంట్లో కూరంటే ఆవిడ సాయంత్రం ఒడిలో కట్టుకొచ్చిందే.

నూతి చుట్టూ పొన్నగంటి, బాట అంచున గలిజేరు, గులాబీ మళ్ళలో పాయలకూర. ఒడి నిండా తెచ్చిన ఆకు ఉడికేసరికి దాక అడుక్కి దిగిపోయేది. గలిజేరులో గుప్పెడు ఎండు రొయ్యపొట్టు వేయించి కలిపితే ఆ పూట మాకు పండగ. పాయలకూర పులుసుకు చింతపండు కాస్త చాలు, దాని పులుపు దానికుంది. పొన్నగంటి అయితే వెల్లుల్లి, ఎండుమిరప వేసి వేపుడు, నూకలన్నంలోకి. ఆకు గిల్లడం నా వంతు. గోళ్ళ సందులు నల్లబడిపోయి ఎంత తోమినా వదిలేది కాదు. ఆ పచ్చి వాసన తగిలితే ఇప్పటికీ నాకు నడుం లాగుతుంది.

అత్త తెచ్చే కూరలో ఒక్క వేరు కనపడేది కాదు. అది నాకు నచ్చేది కాదు. "కలుపు తియ్యనోడు కోత కొయ్యడే" అంటూ మా నాన్న నన్ను చేలో పెంచాడు. మా ఊళ్ళో కలుపు మొక్కని మెడ దగ్గర తుంచితే పక్క వరసలో ఆడవాళ్ళు నవ్వేవారు. ఒకరోజు అత్తకు అన్నం పట్టుకెళ్ళి చూశాను. గరికనీ, తుంగనీ గునపంతో గడ్డలతో సహా తవ్వి తీస్తోంది. గలిజేరు దగ్గరికి వచ్చేసరికి గోటితో పైపైన గిల్లి వదిలేస్తోంది. వయసు మీద పడింది, వంగలేక పని దొంగతనం చేస్తోందనుకున్నాను. పైకి అనలేదు కానీ, ఆవిడ మీద మనసులో చులకన పుట్టింది.

శ్రావణంలో అత్తకు జ్వరం తగులుకుంది. పని చేజారకుండా ఆ వారం నన్ను పంపింది. గుమ్మం దాటుతుంటే మంచం మీంచి పిలిచింది.

"ఒసే పిల్లా, కంగారు పడిపోకు. మనం తినే కూర పైపైన గిల్లుకో, చాలు."

"నాకు తెలుసులే అత్తా," అన్నాను.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడని ఊరికే అనలేదు. వాన తడికి నేల మెత్తగా ఉంది. ఆరు రోజుల్లో ఆ తోటలో మడి మడీ వేరు తెగకుండా లాగేశాను. కణుపు ముక్క పడున్నా పొన్నగంటి మళ్ళీ లేస్తుందని నాకు తెలుసు, అందుకని ముక్క కూడా మిగల్చలేదు. ఇంటికి రోజుకింత తెచ్చి, మిగతాది గోడవార పోగేసి, ఎండ కాసిన రోజు తగలబెట్టాను. ఆ పని చేస్తున్నంతసేపూ మా ఊరి ఆడవాళ్ళు చూస్తే బాగుండుననుకున్నాను.

శనివారం సాయంత్రం ఆఫీసరుగారి భార్య వరండా దిగి తోటంతా తిరిగారు.

"మేం వచ్చాక ఈ తోట ఇంత శుభ్రంగా ఎప్పుడూ లేదమ్మాయ్. మీ అత్తకి ఈ పనితనం లేదు," అన్నారు.

నేను పొంగిపోయాను.

"ఇంక తియ్యడానికి కలుపేదీ? మీ అత్తని రావద్దని చెప్పు. కావలసినప్పుడు కబురు పెడతాం."

"ఆయ్, అలాగేనండి," అన్నాను. నవ్వుతూనే అన్నాను. సగం దారి నడిచాక గానీ ఆ మాట నాకు ఎక్కలేదు.

ఇంట్లో అత్త నా ఒడి తనే విప్పింది. ఆ వారంలో అదే ఆవిడ లేచి కూర్చున్న మొదటి రోజు. జానెడు వేళ్ళు వేలాడుతున్న గలిజేరు ఒకటి పైకెత్తి చూసింది. అమ్మగారు చెప్పింది చెప్పాను.

"అంతా ఇలాగే పీకేసేవా?"

"అంతా."

"నూతికాడ కూడానా?"

తలూపాను.

"ఒక మడి గిల్లి నాలుగో మడికెళ్ళేతలికి మొదటిది చిగిరించేసేది. ఇన్నేళ్ళూ అలాగే తిన్నామే," అంది.

కోపంగా అనలేదు. కోప్పడితే బాగుండేది. కూర్చున్న కొమ్మను నరుక్కున్నవాళ్ళ గురించి విన్నాను. నేను అత్త కూర్చున్న కొమ్మను నరికాను.

మా ఆయన అన్నానికి కూర్చున్నప్పుడు పని మాట వచ్చింది. నేను నోరు తెరిచేలోగా అత్తే అందుకుంది.

"నాకు ఓపిక లేదురా. నేనే మానేసేను."

"జ్వరం తగ్గింది కదే! ఇంట్లో కూచుంటే ఎలాగెల్తాదే అమ్మా?" అని ఆయన విసుక్కున్నారు. ఆ మాట ఆవిడ పడింది. నేను పొయ్యి దగ్గర తల వంచుకుని నిలబడ్డాను. తప్పు నాదని ఆ పూట చెప్పలేదు. తర్వాతా చెప్పలేదు. అప్పుడు భయం, ఇప్పుడు సిగ్గు.

బంగళా నుంచి కబురు రాలేదు. ఆ వానాకాలం చాలా పూటలు గంజీ, ఉప్పూ, మిరపకాయ. మధ్యలో అత్తా నేనూ పక్కనున్న అడవిపొలం ఊరి గట్ల వెంట తిరిగేవాళ్ళం. మాకన్నా ముందే ఎవరో ఒకరు గిల్లుకుపోయేవారు. చారెడు ఆకుకి అంత దూరం నడిచి, తిరిగొచ్చేటప్పుడు మాట్లాడుకునే ఓపిక కూడా ఉండేది కాదు. ఒకసారి గట్టు మీద గలిజేరు దుబ్బు ఒకటి మట్టితో సహా పెళ్ళగించి తెచ్చి మా పెరట్లో పాతాను. మరోసారి పొన్నగంటి కణుపులు తెచ్చి నీళ్ళు పారబోసే చోట గుచ్చాను. కలుపుని నాటి నీళ్ళు పోసిన మనిషిని ఆ చుట్టుపక్కల నేనొక్కదాన్నేనేమో. బతికింది. కలుపు కదా.

మూడేళ్ళు తిరగకుండా అత్త కళ్ళకు పొర కమ్మింది. మనిషిని గొంతుతో పోల్చుకునేది. వంటా, కోతా అంతా నాదే అయింది. ఆకు గిల్లడం మాత్రం ఆవిడ వదల్లేదు. నేను పెరట్లోంచి కోసుకొచ్చి చేటలో పోసి ముందు పెడితే, రోజూ ఒకే మాట.

"వేరుంచేవా?"

"ఉంచేను అత్తా."

నా తప్పు తన మీద వేసుకుని, నన్ను ఒక్క మాట అనని మనిషి ఆవిడ. కానీ నేను ఉంచానన్నాక కూడా, ప్రతి కాడ కొసా వేళ్ళతో తడిమి, వేరు లేదని తేల్చుకున్నాకే ఆకు గిల్లేది.