బొట్టు పెట్టిన లైట్లు

హాజరైనవారు: నాన్న, అమ్మ, అక్క, నేను, కల్యాణ మండపం వాచ్‌మన్. హాజరైనవి: అక్క కొన్న పాత జీపు, అసలు కంపెనీ లైట్లు ఒక జత, వాటిని చూసి చేసిన నకలు లైట్లు ఒక జత, నేను పనిచేసే కాలేజీ ల్యాబు నుంచి సంతకం పెట్టి తెచ్చిన లక్స్ మీటరు, అంటే వెలుతురును కొలిచేది, కరెంటు కొలిచే క్లాంప్ మీటరు, పొడవాటి టేపు, గోడ వారగా పేర్చిన ప్లాస్టిక్ కుర్చీలు, ముందురోజు పెళ్లి తాలూకు రసం వాసన. చోటు పుంగనూరులో ఒక మండపం భోజనాల హాలు. ఆదివారం మధ్యాహ్నం. కిటికీలు మూసి, సందులకు షామియానా గుడ్డలు కడితే హాలు అమావాస్య అయింది. జీపును వంటపాత్రలు దించే ర్యాంపు మీదుగా వెనక తలుపులోంచి లోపలికి తెచ్చాం. వాచ్‌మన్‌కు నాన్నంటే గౌరవం. “అన్నా, ఈ హాల్లోకి పెళ్లికొడుకు గుర్రమెక్కి వచ్చినాడు గానీ జీపు రావడం ఇదే మొదలు” అన్నాడు.

సంగతి ఇది. అక్క పశువుల డాక్టరు. ఉద్యోగం శాంతిపురం వైపు, ఇల్లు పుంగనూరు. ఆవు ఈనడానికి టైంటేబుల్ ఉండదు గనక తెల్లవారక ముందే బయల్దేరాల్సిన రోజులు ఎక్కువ. నాన్న ఉద్యోగమంతా పుంగనూరు నుంచి కుప్పానికి బస్సు నడిపాడు. పలమనేరు దాటాక చలికాలంలో దిగే మంచూ, రోడ్డు దాటే ఏనుగులూ ఆయనకు బంధువుల్లాంటివి.

“ఆ మంచులో ఏనుగు నీ బానెట్టు మీద కూసున్నాక గానీ కనపడదు మా. ఈ జీపు లైట్లు అగ్గిపుల్లలు. అమ్మేసి శాంతిపురంలో రూము తీసుకో” అన్నాడు.

అక్క చదువంతా హాస్టళ్లలోనే గడిచింది. “ఇంకో ఊర్లో ఇంకో ప్లాస్టిక్ బకెట్ కొనే ఓపిక నాకు లేదు నాయినా. మంచి లైట్లు పెట్టిస్తా. అవి నీకు నచ్చకపోతే అమ్మేస్తా” అంది.

అలా అక్కా నేనూ మదనపల్లెలో బండ్ల అలంకారాల అంగడికి వెళ్లాం. అంగడి భాయ్ రెండు పెట్టెలు బల్ల మీద పెట్టాడు. ఒకే ఎరుపు, ఒకే ముద్ర, ఒకే కొండ బొమ్మ, కొండెక్కుతున్న ఒకే బండి.

“ఇది అసలు. ఇది అసలు మాదిరి. రెండూ నా బిడ్డలే అప్పా. ఒకడు సదివినోడు, ఒకడు మాటకారి.”

“సదివినోడు ఎంత భాయ్?” అంది అక్క.

భాయ్ చెప్పాడు. అక్క వెంటనే మాటకారి ధర అడిగింది. ఆరో వంతు!

“రెండూ తీస్కపోండి. వారంలో నచ్చంది వాపస్ తెండి. గీతలు పడకూడదు, నీళ్లు పడకూడదు.”

“కొండలెక్కే బండి లైటుకు నీళ్లు పడకూడదా?”

“సదివినోడికి పడొచ్చమ్మా. మాటకారికి పడకూడదు.”

ఇంత నిజాయితీగా నకలు సరుకు అమ్మే మనిషిని నేను చూడలేదు. దారి పొడుగునా నవ్వుకుంటూ వచ్చాం.

ఇంటికొచ్చి అసలు జతను ముందు బంపరుకు పైన, నకలు జతను కింద బిగించాను. స్పానరు కడిగి వచ్చేలోపు అమ్మ పసుపు, గంధం, కుంకుమ గిన్నెలతో జీపు ముందు కూర్చుని ఉంది. కొత్త వస్తువు ఏదైనా మా ఇంట్లో ముందు అమ్మ చేతి బొట్టు పెట్టించుకోవాలి. మిక్సీ పెట్టించుకుంది, ఇన్వర్టరు పెట్టించుకుంది, నా లాప్‌టాప్ తెర మధ్యలో కూడా పెట్టించుకుంది. ఇప్పుడు అసలు లైట్ల అద్దాలకు అంచు నుంచి అంచుకు గంధం కలిపిన పసుపు పూసి, నడుమ రూపాయి బిళ్లంత కుంకుమ అద్దింది. కింది జత జోలికి పోలేదు.

“వాటికి పెట్టలేదేం?” అన్నాను.

“యాడన్నా పెడతారా? వాపసు పోతాయేమో గదా. బొట్టు పెడితే మనింటివి అయిపోతాయి.”

ఇప్పుడు మళ్లీ హాల్లోకి రండి. మొదటి కొలత కరెంటుది. నకలు పెట్టె మీద నూట ఇరవై వాట్లు అని రాసి ఉంది. మీటరు చూపిన కరెంటును వాట్లలోకి మారిస్తే ఇరవై మూడు. అసలు పెట్టె మీద నలభై, లెక్కలోనూ నలభై. నేను అక్క వైపు గర్వంగా చూశాను. రెండో కొలత వెలుతురుది. ఇరవై మీటర్ల దూరంలో కుర్చీ మీద లక్స్ మీటరు పెట్టాను. నకలు వెలిగిస్తే హాలంతా తెల్లగా పరుచుకుంది, పైకప్పు మీది సాలెగూళ్లు కూడా కనిపించాయి. మీటరు మీద పద్నాలుగు. తర్వాత అసలు వెలిగించాను. ఎదుటి గోడ మీద రెండు పచ్చటి మసక వలయాలు, వాటి మధ్యలో రెండు ఎర్రటి మచ్చలు. పెళ్లికూతురు నుదురులా ఉంది గోడ. మీటరు మీద తొమ్మిది.

వాచ్‌మన్ చేతులు జోడించాడు. ఎందుకో అతనికే తెలియదు.

“సూస్తివా?” అన్నాడు నాన్న, ఎంతో కులాసాగా. “ఖరీదుదే ఇట్ల ఉంటే ఇంగ జీపు యాల? రేపే బేరం పెడదాం.”

అక్క ముఖం వాడిపోయింది. పసుపు వల్లే అని హాల్లో అందరికీ తెలుసు. నాన్నకు మరీ బాగా తెలుసు. కానీ తుడిచేదెవరు? కుంకుమ పెట్టిన చోట గుడ్డ పెట్టి తుడవడం మా ఇంట్లో జరగదు. అక్క నా వైపు చూసింది. నేను వాచ్‌మన్ వైపు చూశాను. అతను కుర్చీలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

“అమ్మా, నువ్వు పెట్టిందే గదా, నువ్వే తుడువు” అంది అక్క.

“అపచారం! బొట్టు తుడిసేదానికా నేను పెట్టింది?”

“అయితే జీపు అమ్మేస్తారు మా.”

అమ్మ ఆలోచించింది. ఆమె ఆలోచిస్తున్నంతసేపూ రెండు ఎర్రమచ్చలు గోడ మీద అలాగే ఉన్నాయి.

“తుడవకూడదు” అంది చివరికి. “అభిషేకం చేయొచ్చు.”

ఆ మాటకు నాన్న కూడా నవ్వాడు. వాచ్‌మన్ పరుగెత్తి చేతులు కడిగే చోటు నుంచి రబ్బరు పైపు లాక్కొచ్చాడు. అమ్మ పైపు పట్టుకుని, పెదవులు కదుపుతూ, అసలు లైట్ల మీద ధార విడిచింది. పసుపునీళ్లు బంపరు మీదుగా జారి, కింద ఉన్న నకలు లైట్ల మీద పడి, గచ్చు మీద పారాయి. “ఆపమ్మా, కిందవి తడవకూడదు” అని నేను అరిచేసరికి ఆలస్యమైంది. అభిషేకం మధ్యలో ఆపరు కదా.

మళ్లీ వెలిగించాం. పైన అసలు జత గోడను కత్తితో గీసినట్టు పట్టుకుంది. మీటరు మీద అరవై ఒకటి. కింద నకలు జతలో కుడిది వెలుగుతోంది. ఎడమదానిలో సగానికి పసుపునీళ్లు నిండి, ఒక బుడగ నింపాదిగా పైకి తేలింది. ఇంకొకటి. అక్క మోకాళ్ల మీద కూర్చుని దగ్గరగా చూసి, “తమ్ముడూ, చేపలు తెద్దామా?” అంది. ఇక ఎవరికీ నవ్వు ఆగలేదు. నేను టేపు చుట్టబోయి రెండుసార్లు జారవిడిచాను. వాచ్‌మన్ గోడకు ఆనుకుని కళ్లు తుడుచుకున్నాడు. లైటు టప్పుమని ఆరిపోయింది.

“పాపం, బొట్టు పెట్టింటే బతికేదేమో” అంది అమ్మ. ఇది ఆమె నిజంగానే అన్నది.

నాన్న నవ్వు ఆపుకుని, గొంతు సవరించుకున్నాడు. “గోడకు మంచు పట్టదు మా. గోడ రోడ్డు దాటదు. వచ్చే ఆదివారం రోడ్డు మీద సూద్దాం. నా కంటే ముందు నువ్వు సూస్తే జీపు నీది. లేదంటే అమ్మేసేదే.”

నియమాలు నేను రాశాను. రోడ్డు మీద ఉన్నదేదైనా ముందుగా పేరు పెట్టి చెప్పినవారికి ఒక పాయింటు. తప్పు చెబితే పాయింటు ఎదుటివారికి. ఆట పలమనేరు దాటాక మొదలై కుప్పం బస్టాండు దగ్గర ముగుస్తుంది. అంపైరు నేను.

ఆ ఆదివారం తెల్లవారుజామున మంచు నాన్న పక్షాన గట్టిగా దిగింది. అక్క స్టీరింగు దగ్గర, నాన్న పక్కన, వెనక అమ్మా నేనూ కాఫీ ఫ్లాస్కూ.

“ఎనుము!” అన్నాడు నాన్న. మంచులోంచి బర్రె తల బయటికొచ్చింది. నాన్నకు ఒకటి. “పాల ఆటో” అంది అక్క. “దుప్పటి కప్పుకున్నాయన.” “కుక్క.” “ఆ కుక్క వెనక ఇంకో కుక్క!” ఇద్దరూ వేలంపాటలా అరుస్తుంటే అమ్మ మధ్యలో కాఫీ పోస్తోంది. ఒకచోట నాన్న “ముందర కల్వర్టు ఉండాది” అన్నాడు, ఏమీ కనపడకుండానే.

“అది సూసి సెప్పలే, గుర్తుపెట్టుకొని సెప్తాండాడు. ఒప్పుకోవద్దప్పా” అంది అమ్మ.

కొట్టేశాను.

శాంతిపురం దగ్గరపడేసరికి ఇద్దరికీ తలా పది. అప్పుడు రోడ్డు పక్కన, ఎత్తుగా, బూడిదరంగులో, పెద్ద వీపులాంటిది కనిపించింది.

“ఏనుగు!” అన్నాడు నాన్న. ఆయన కుడికాలు లేని బ్రేకును తొక్కింది. “ఆపు మా, ఆపు! లైట్లార్పు!”

అక్క వేగం తగ్గించింది గానీ ఆపలేదు. ముందుకు వంగి చూసింది. వెలుతురు ఆ వీపు మీద నిటారుగా నిలబడింది.

“రాయి నాయినా. డ్రిల్లు బొక్కలు కనపడతాండాయి సూడు, వరసగా.”

గ్రానైటు దిమ్మె. దాన్ని మోస్తూ, వెనక లైట్లు వేయకుండా ఆగి ఉన్న లారీ. పక్కన డ్రైవరు చుట్ట కాలుస్తూ కూర్చున్నాడు. నాన్న జీపు దిగి వెళ్లి దిమ్మెను అరచేత్తో తట్టాడు, బొక్కల్లో వేలు పెట్టి చూశాడు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“ఏనుక్కి లారీ ఎక్కే పనేముంటాదప్పా?” అంది.

నాన్న వచ్చి కూర్చుని తలుపు వేసుకున్నాడు. తర్వాత ఆయన భుజాలు కదలడం వెనక నుంచి నాకు కనిపించింది. నవ్వుతున్నాడు.

“పోనీ మా. ఆట ఇంగా అయిపోలే.”

అక్క గేరు వేసింది. కుప్పం బస్టాండు ముందు ఇంజను ఆపేసరికి స్కోరు: అక్క పదమూడు, నాన్న పదకొండు.