టూవూంబా కొండ మీద అడిగిన ప్రశ్న

ఇళ్లకు వెళ్లి బాలింతల్ని, పసిపిల్లల్ని చూసే నర్సును నేను. మా పనిలో నెలకోసారి అనుభవమున్న మరొకరి దగ్గర కూర్చుని, ఆ ఇళ్లలో మన మనసుకు ఏమైందో చెప్పుకోవాలి. దాన్ని రిఫ్లెక్టివ్ సూపర్‌విజన్ అంటారు. ఎప్పుడూ ఫోన్లోనే కానిచ్చేదాన్ని. ఈసారి బ్యాగులో రాజీనామా ఉత్తరం ఉంది కాబట్టి ఎదురుగా కూర్చుని మాట్లాడాలనిపించింది.

ఉదయం ఏడింటికి సన్నీబ్యాంక్‌లో మా ఇంటి నుంచి బయల్దేరాను. ఇప్స్‌విచ్ దాటి వారెగో హైవే పట్టుకుంటే, ఆవిడ ఉండే కొండ మీది ఊరు టూవూంబాకు గంటా నలభై నిమిషాలు. కొండ కింద చిన్న కెఫేలో కాఫీ తాగాను, ఐదున్నర డాలర్లు. "పైన పొగమంచు ఉంది డార్లింగ్, మెల్లగా వెళ్లు" అంది కాఫీ ఇచ్చినావిడ. నాకూ తొందరేం లేదు.

నా సూపర్‌వైజర్ సరోజ ఆంటీ ఫిజీలో పుట్టిన తెలుగావిడ. "ఏమి అయింది, చెప్పు" అన్నారు.

చెప్పాను. ఒక తెలుగమ్మాయి, నెలన్నర బిడ్డ, ఇంట్లో ఆడతోడు లేదు. నేను వెళ్లేసరికి బిడ్డ గుక్కపట్టి ఏడుస్తోంది. మనవాళ్లే కదా అని అడక్కుండానే తల్లి చేతుల్లోంచి తీసుకుని భుజాన వేసుకున్నాను. నిమిషంలో ఊరుకుంది. "చూశావా, ఇలా పట్టుకోవాలి" అన్నాను కూడా. ఆ తర్వాత రెండుసార్లు వెళ్తే ఆ అమ్మాయి తలుపు తీయలేదు.

"బేబీ ఊరుకున్నప్పుడు అమ్మ ఫేస్ ఎట్లా ఉంది?"

"చూళ్లేదు ఆంటీ."

"నువ్వు ఎవరిని చూస్తా ఉన్నావు?"

"నా పెద్దాడు పుట్టినప్పుడు కాన్‌బెరాలో, హారిసన్‌లో ఒక్కదాన్నే ఆంటీ. వాడు ఏడిస్తే నేనూ ఏడ్చేదాన్ని. వచ్చి ఎత్తుకునేవాళ్లు లేరు."

ఆంటీ ఓదార్చలేదు. నా ఏడుపు నన్ను ఏడవనిచ్చి, కదలకుండా కూర్చున్నారు. తర్వాత అడిగారు: "ఇప్పుడు ఆ అమ్మాయికి ఏమి చెప్పాలని ఉంది?"

తిరుగు దారిలో కారు ఆపి మెసేజ్ పెట్టాను: "ఆ రోజు నీ బిడ్డను అడక్కుండా తీసుకున్నాను. తప్పు నాది." సాయంత్రానికి జవాబొచ్చింది. "గురువారం రండి అక్కా."

గురువారం బిడ్డ మళ్లీ ఏడ్చింది. చేతులు ఒళ్లో బిగించుకుని కూర్చున్నాను. సాయం చేయడమంటే చెయ్యి చాచి అందుకోవడమే అనుకుని ఇన్నేళ్లు బతికినదాన్ని, ఆ ఇరవై నిమిషాలు నరకం. తల్లి నడిచింది, జోకొట్టింది, మళ్లీ నడిచింది. చివరికి బిడ్డ తల్లి భుజం మీదే నిద్రపోయింది. ఈసారి ఆమె ముఖం చూశాను. ఇంటికొచ్చి ఉత్తరం చింపేశాను.

ఇలాంటి పనికి కొండెక్కేవాళ్లకు ఒక్క మాట: ఆ రోజు మరో పని పెట్టుకోకండి. దిగేముందు కొండ అంచున పిక్నిక్ పాయింట్ పార్కు దగ్గర ఓ గంట ఆగండి, పార్కింగ్ ఉచితం. నేను గంటన్నర ఉన్నాను.