మీది ఏ ఊరండీ అని అడిగినందుకు

నాలుగేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మూడు ముక్కల అబద్ధం. మొన్నటిదాకా ఎవరికీ చెప్పలేదు, మా ఆయనకు కూడా. మీరెవరో నాకు తెలియదు కాబట్టి ఇంత తీరిగ్గా చెప్పగలుగుతున్నాను.

అప్పుడు నేను యూనివర్సిటీలో పీజీ చదువుతున్నాను. మనసు బాగోలేని విద్యార్థులు ఆన్‌లైన్ చాట్‌లో బాధ చెప్పుకునే ఏర్పాటు ఒకటి ఉండేది. నాలాంటి కొందరికి శిక్షణ ఇచ్చి, వాళ్లతో మాట్లాడమన్నారు. పేరు అడగకూడదు, ఊరు అడగకూడదు. చాట్ అయ్యాక ఫారం నింపాలి. ప్రమాదమనిపిస్తే టిక్కు పెట్టాలి, కౌన్సెలర్ మేడం ఆ విద్యార్థికి ఫోన్ చేస్తారు. నంబర్లు ఆవిడ దగ్గరే ఉండేవి. టిక్కు లేని చాట్లు ఎవరూ తెరిచి చూసేవారు కాదు.

ఒక మధ్యాహ్నం ఒక అమ్మాయి వచ్చింది. మూడు సబ్జెక్టులు పోయాయి. కువైట్‌లో ఉన్న నాన్నకు అన్నీ పాసయ్యానని చెప్పింది. అన్నం సయించడం లేదని, ఉండి ఏం లాభమని రాసింది. నేనేదో అడిగితే "ఆయ్" అని జవాబిచ్చింది. 'అవునండీ' అనడానికి మా వైపువాళ్లు అనే ఆ ఒక్క మాటకు నాకు ప్రాణం లేచి వచ్చింది. మా అల్లవరం వైపు పిల్ల.

"మీది ఏ ఊరండీ?" అని టైప్ చేశాను.

"ఓడలరేవండి."

"ఓడలరేవులో ఎవరి తాలూకా అండీ? మా మేనత్తగారిది ఆ ఊరే. అక్కడ అందరూ తెలుసు మాకు."

ధైర్యం చెబుతున్నాననే అనుకున్నాను. మా వైపు కొత్తవాళ్లతో మాట మొదలయ్యేదే అలా. చుట్టరికం తేలేదాకా ఎవరినీ వదిలిపెట్టం.

"అమ్మో, మా వాళ్లకి చెప్పకండి. మీకు దణ్ణం పెడతానండి."

నేను బదులు రాసేలోపే వెళ్లిపోయింది.

అంతవరకు తెలివితక్కువతనం. ఆ తరువాత చేసిందే తప్పు. ఫారంలో "తేలికపడి తనే ముగించింది" అని రాశాను. టిక్కు పెట్టలేదు. పెడితే మేడం చాట్ చదువుతారు, నన్ను తీసేస్తారు, చివర్లో ఇచ్చే సర్టిఫికెట్ రాదు. అంతేనా? అంతే. ఉద్యోగానికి పనికొస్తుందనుకున్న ఆ కాగితం కోసం, బతకాలని లేదన్న పిల్లకు వెళ్లాల్సిన ఫోన్‌ను ఆపేశాను. భయపడ్డానని, చిన్నదాన్నని ఎన్నిసార్లో సర్దిచెప్పుకున్నాను. నాకే నమ్మకం కుదరలేదు.

మొన్న మేడంకు ఫోన్ చేసి అంతా చెప్పేశాను. ఆవిడ తిట్టలేదు. పర్లేదనీ అనలేదు. పాత రికార్డు తీయించి, ఆ అమ్మాయి మళ్లీ రాలేదని, ఆ నంబరు ఇప్పుడు పనిచేయడం లేదని చెప్పి పెట్టేశారు.

మేనత్తను అడిగితే నిమిషంలో తేలిపోతుంది. కువైట్ వెళ్లినవారి ఇళ్లు, చదువుకునే ఆడపిల్లలు, అన్నీ ఆవిడ వేళ్ల మీద లెక్కపెడుతుంది. కానీ ఎందుకని ఆరా తీస్తుంది, సాయంత్రానికి వీధంతా తెలుస్తుంది. ఆ పిల్ల నన్ను అడిగింది ఒక్కటే, తనవాళ్లకి చెప్పవద్దని. కాబట్టి అడగను. ఆమె ఉందో లేదో తెలియకుండానే నేను ఉండాలి.

మేడంతో మాట్లాడాక ఆకలి వేసింది. కడుపునిండా తిన్నాను. ఇంత హాయిగా ఉన్నందుకు సిగ్గుగా ఉంది. అయినా హాయిగానే ఉంది.