ఏసురాజు నాలుక

బెల్లం పాకం అదునును నాలుక మీదే తేల్చేసే ఏసురాజును కశింకోటలో ఎరగనివాళ్ళు లేరు. 2007లో యూనివర్సిటీ సార్లు ఫ్యాక్టరీ మురుగునీటిని శుద్ధి చేసే కంపెనీ పెట్టబోతూ అతన్ని పనిలోకి తీసుకున్నారు. పెట్టుబడి పెట్టేవాళ్ళు వచ్చినప్పుడల్లా వాళ్ళ ముందు ఆ శుద్ధి చేసిన నీళ్ళు గ్లాసుడు తాగి చూపించడం అతని వంతు.

మూడు నెలలు గడిచాయి. ఒకరోజు అతను చేపలపులుసు కమ్మగా తినేశాక, భార్య రోజలిన్ ఒక్క ముద్ద పెట్టుకుని ఉమ్మేసింది.

"ఏటయ్యా, నాలుక సార్లకి అద్దెకిచ్చేసేవా? ఉప్పు రెండుసార్లు ఏసేసేను!"

"బాగానే ఉంది కదే."

రోజలిన్ పులుసు గిన్నె పక్కకి నెట్టేసింది. "రేపు ఆ నీళ్ళు ముట్టకయ్యా."

"నాను తాగకపోతే సార్ల కంపెనీ లెగదే."

మర్నాడు హైదరాబాదు నుంచి పెద్దమనుషులు దిగారు. ఏసురాజు గ్లాసు ఖాళీ చేశాడు.

"రుచి ఎలా ఉంది?" అన్నాడొకాయన.

ఏసురాజు నోటికి ఏ రుచీ తెలియలేదు. సార్లు అతనికేసే చూస్తున్నారు.

"కొబ్బరినీళ్ళే బాబూ," అన్నాడు.

సార్లు నవ్వుతూ ఇంకో గ్లాసు నింపారు.