మా తమ్ముడికి ఓటు వెయ్యలేని ఊరు

మా తమ్ముడు పోయిన కబురు బెల్లం బండి మీద వచ్చింది.

ఆ ఉదయం అన్ని ఉదయాల్లాంటిదే. మంచు పడుతోంది. లేచి ప్రార్థన చేసుకున్నాను. పొయ్యి రాజేసి చోడి అంబలి కాచాను. లాంతరు చిమ్నీ తుడిచి మేకుకి తగిలించాను. పిండేసిన నిమ్మచెక్క ఒకటి నూతి గట్టు మీద పెట్టాను. యుద్ధంలో పెట్రోలు కరువైనప్పటి నుంచి తమ్ముడి బస్సు బొగ్గుతో నడిచేది. వేళ్లకి పట్టిన మసి నిమ్మచెక్కతో రుద్దుకుంటేనే గాని వాడు కంచం ముందు కూర్చునేవాడు కాదు. ముందురోజు బస్సు రాత్రికి దారి చివర రోలుగుంటలోనే ఉండిపోయే రోజు. పొద్దెక్కేసరికి వాడు ఇంటికి రావాలి.

వీధిలో బెల్లం బళ్లు వరసగా బజారుకి పోతున్నాయి. వాటిలో ఒకటి మా గుమ్మం ముందు ఆగింది. బండివాడు కిందికి దిగి, దుప్పటి తల మీంచి తీసేడు.

“బస్సుబాబు అక్కమ్మగారు మీరేనా?”

“నేనే.”

“నిన్న దీపాలేళ బాబుకి గుండెల్లో నొప్పొచ్చినాదమ్మా. ఆసుపత్రికి తెద్దారని బండి కట్టేలోపు అయిపోనాది. ఎనకాల బండిలో తెత్తన్నారు.” ఎడ్ల వైపు చూసి, “మరి నానెల్తానమ్మా, సరుకు దించాల” అన్నాడు.

వెళ్లిరా నాయనా అన్నాను. లోపలికి వచ్చి అంబలి దించాను. ఇద్దరికి సరిపడా ఉంది.

అమ్మ పోయేనాటికి వాడికి సరిగా నడక రాలేదు. నేనే పెంచాను. నాకు పెళ్లయి, భర్త పోయి, తిరిగి వచ్చేసరికి ఇంట్లో వాడొక్కడే ఉన్నాడు. చిన్నతమ్ముడు రైల్వేలో చేరి ఎలమంచిలిలో కాపురం పెట్టాడు. వీడు మటుకు పెళ్లి చేసుకోలేదు. అడిగితే, “బస్సు ఉంది కదక్కా, దాని అలకలు తీర్చేసరికే తెల్లారిపోతోంది” అనేవాడు. అందుచేత ఆ ఇంట్లో ఇన్నేళ్లూ మేమిద్దరమే. ఇద్దరం మాటలు తక్కువవాళ్లమే. అయినా మాట్లాడకుండా ఇద్దరు కూర్చోవడం వేరు, ఒక్కరు కూర్చోవడం వేరు. ఈ సంగతి నాకు ఈ నెల రోజుల్లో తెలిసింది.

రోలుగుంట దారిలో రోడ్డుకి అడ్డంగా ఒక గెడ్డ పారుతుంది. వంతెన లేదు. వానాకాలంలో తమ్ముడు బస్సు ఇవతల ఆపి, పంచె ఎగగట్టి, కర్ర పట్టుకుని ముందు తను నీళ్లలోకి దిగేవాడు. అవతలిదాకా నడిచి, వెనక్కి వచ్చి, అప్పుడు బస్సు దింపేవాడు. నిన్ననే కదా దాటావు, మళ్లీ ఎందుకు అంటే, “గెడ్డకి నిన్నటి మాట గుర్తుండదక్కా” అనేవాడు.

ఒక ఏడాది శ్రావణంలో, మధ్యాహ్నం పూట, గెడ్డ అవతలి ఊరి పెద్దరైతు కోడలిని నొప్పులు పడుతుండగా మంచం మీద ఒడ్డుకి తెచ్చారు. తమ్ముడు ఇవతల ఒడ్డున బస్సు సిద్ధంగా పెట్టుకుని ఉన్నాడు. నీళ్లు తగ్గలేదు. మంచం అవతలే ఉండిపోయింది. చూస్తూ ఉండగానే ఆ పిల్ల పోయింది. వాడు ఇంటికి వచ్చి ఆ పూట భోజనం చెయ్యలేదు. ఆ తరవాత మా ఇంట్లో భోజనం ముందు ప్రార్థనలో ఒక మాట చేరింది. “అవతలి ఒడ్డున ఉన్నవాళ్లని కూడా జ్ఞాపకం చేసుకో తండ్రీ” అనేవాడు. ఆమెన్ నేను చెప్పేదాన్ని.

యుద్ధం ముగిసిన మరుసటి ఏడు ఎన్నికలు వచ్చాయి. అప్పటికి మద్రాసు శాసనసభలో మా క్రైస్తవులకి వేరే స్థానం ఉండేది. కొన్ని జిల్లాలకి కలిపి ఒక్కరు. నిలబడేదీ మేమే, ఓటు వేసేదీ మేమే. మా సంఘం పెద్దలు తమ్ముడిని నిలబడమన్నారు. వాడు నన్ను అడిగాడు.

“నీకెందుకు నాయనా?” అన్నాను.

“మద్రాసులో ఆ గెడ్డ పేరు పలికేవాడు ఒకడుండాలి కదక్కా.”

ఇంక నేను అడ్డు చెప్పలేదు.

అప్పట్లో నిలబడిన ఒక్కొక్కరికి ఒక్కో రంగు ఓట్లపెట్టె. వాడి పెట్టెకి పచ్చరంగు వచ్చింది. బస్సు ముందు పచ్చగుడ్డ కట్టుకుని, వీలైనప్పుడల్లా దూరాన ఉన్న సంఘాలకి వెళ్లి వచ్చేవాడు. అక్కడ వాడెవరికీ తెలియదు. ఎక్కడ చదివావు, ఏ మిషనువాడివి, ఇంగ్లీషులో మాట్లాడగలవా అని అడిగేవారట. గెడ్డ సంగతి చెబితే మర్యాదగా వినేవారట. “వాళ్లకీ వాళ్ల గెడ్డలు ఉంటాయి కదా” అన్నాడు నాతో, కోపం లేకుండానే.

ఓటు వేసే రోజున నేను బడికి వెళ్లాను. పెద్దగది ముందు రైతులూ షావుకార్లూ బారులు తీరి ఉన్నారు. మాకు పక్కగది. అందులో గుమాస్తా ఒక్కడే కునికిపాట్లు పడుతున్నాడు. నేను వేసిన చీటీ పెట్టె అడుగున పడిన చప్పుడు నాకు వినిపించింది. కిటికీ అవతల జనం నవ్వుకుంటున్నారు.

బయటికి వచ్చేసరికి తమ్ముడి బస్సు దగ్గర గెడ్డ అవతలి ఊరి రైతులు మూగి ఉన్నారు. పెద్దరైతు తమ్ముడి భుజం మీద చెయ్యి వేసి అంటున్నాడు.

“ఏసేసేం బస్సుబాబూ. ముందు సెప్తే వద్దంతావని సెప్పలేదు. శిస్తు కట్టి ఓటున్నోడు ఒక్కడు ఊళ్లో ఉండిపోకుండా వచ్చేసేం. అందరం పచ్చపెట్టిలోనే.”

తమ్ముడు బడి వైపు చూశాడు.

“మావా, ఆ పచ్చపెట్టి నాది కాదు.”

“నీది కాకపోతే ఎవుడిది?”

“జమీందారు తరఫున నిలబడినాయనది. నాది ఆ పక్కగదిలో ఉంది. అందులో మా కిరస్తానీలే వెయ్యాలి.”

“అదేటి? నీ బస్సు ఎక్కీవోళ్లం మేం. నువ్వు మా కాడ నిలబడాల గానీ ఆళ్ల కాడ నిలబడ్డవేటి?”

“నిలబడనివ్వరు మావా.”

వెనకనుంచి ఒకడు, “టిక్కెట్టు డబ్బులు పుచ్చుకున్నప్పుడు మనోడే, ఓటు దగ్గిర కొచ్చేసరికి పరాయోడైపోనాడు” అన్నాడు. కొందరు నవ్వారు. పెద్దరైతు నవ్వలేదు.

“మరైతే నువ్వు ఎవరి మనిసివి బాబూ?” అన్నాడు.

తమ్ముడు బొగ్గు పొయ్యి రాజెయ్యడానికి బస్సు వెనక్కి వెళ్లాడు. ఆ సాయంత్రం వాళ్లందరినీ ఊళ్లో దింపి వచ్చాడు.

వాడు ఓడిపోయాడు. జమీ తరఫు ఆసామీ కూడా ఓడిపోయాడు. ఆ ఊరి ఓట్లు ఎవరికీ పనికి రాలేదు. వంతెన రాలేదు. తమ్ముడు పచ్చగుడ్డ విప్పి, బస్సు అద్దాలు తుడవడానికి వాడుకున్నాడు. ఓటమి గురించి మాట్లాడలేదు. పెద్దరైతు అడిగిన మాట మటుకు ఒకటి రెండుసార్లు, అన్నం తింటూ తింటూ, తనలో తను అనుకోవడం విన్నాను.

ఈ ఏడు పేపర్లో పడింది, ఇకమీదట మతాలకి వేరు స్థానాలు ఉండవు, అందరూ ఒకేచోట ఓటు వేస్తారని. మా సంఘంలో కొందరు దిగులుపడ్డారు. మనల్ని పట్టించుకునేవాడు ఎవడన్నారు. ఆ భయం కూడా ఉత్తది కాదు. తమ్ముడు పేపరు మడిచి పక్కన పెట్టాడు. “అయితే ఈసారి నన్ను గెడ్డ అవతలివాళ్లే ఓడించొచ్చన్నమాట” అన్నాడు. వాడంత సంతోషంగా మాట్లాడి చాలా కాలమైంది.

ఆ రోజు దాకా వాడు ఉండలేదు.

కబురు వచ్చిన రోజు మధ్యాహ్నానికి తమ్ముడిని తెచ్చే బండి వచ్చింది. వెనక గెడ్డ అవతలి ఊరి మగవాళ్లు నడిచి వచ్చారు. రాత్రంతా నడిచిన కాళ్లు. లోపలికి రమ్మంటే రాలేదు. అరుగు కిందే నిలబడ్డారు. కబురందుకుని చిన్నతమ్ముడు రైలు దిగాడు. పాస్టరుగారూ సంఘం పెద్దలూ వచ్చారు. వడ్రంగి శవపేటిక తెచ్చాడు. ఎండ వాలేక తీసుకెళ్దామన్నారు.

అప్పుడు పెద్దరైతు నా దగ్గరికి వచ్చాడు.

“అక్కమ్మా, ఒక మాట. మేం మొయ్యొచ్చా?”

నేను చెప్పేలోపే చిన్నతమ్ముడు అందుకున్నాడు. “మా సంఘం వాళ్లు మోస్తారండి. అది మా పద్ధతి. మీరు మోస్తే రేపు మీ ఊళ్లో మిమ్మల్ని ఊరుకుంటారా? నూతి దగ్గరికి రానిస్తారా?”

“మా ఊరోళ్లు ఏటంతారో ఆ గొడవ నాది. నాను అడిగింది మీరేటంతారని.”

చిన్నతమ్ముడు తల దించుకున్నాడు. అన్న పోయిన దుఃఖంలో ఉన్నాడు, వాడి తప్పేమీ లేదు. పాస్టరుగారు మంచివారు. మధ్యేమార్గం ఒకటి చెప్పారు. సమాధుల తోట గేటు దాకా ఊరివాళ్లు మొయ్యవచ్చు, గేటు దగ్గర మనవాళ్లు అందుకుంటారు, లోపలికి మనవాళ్లే అన్నారు. పెద్దలు సరేనన్నారు. అందరూ నా వైపు చూశారు. ఇంటికి పెద్దదాన్ని నేనే.

లోపలికి వెళ్లి వాడి పక్కన మోకరించాను. వేళ్ల సందుల్లో మసి అలాగే ఉంది. తుడవాలనిపించలేదు. ప్రభువుని అడగవలసింది అడిగి లేచి వచ్చాను.

ఆ సాయంత్రం మా ఇంట్లో నా మాట మీద నిర్ణయమైనది ఇది. గేటు దగ్గర భుజాలు మార్చుకోవడం లేదు. ఇంటి గుమ్మం నుంచి గోతి దాకా ఆ ఊరివాళ్లే మోస్తారు. చిన్నతమ్ముడు వాళ్లలో ఒకడుగా, తల దగ్గర, భుజం పెడతాడు. మోసేవాళ్ల ఎత్తు కలవాలని పాస్టరుగారు చెప్పారు. వాళ్లు మా ప్రహరీగోడ పక్కన వరసగా నిలబడి, భుజానికి భుజం ఆనించి చూసుకున్నారు. అందరిలోకీ పెద్దరైతు పొట్టి. పక్కకి తప్పుకోమని ఎవరూ అనలేదు. ఆయన తలపాగా విప్పి, మడత మీద మడత పెట్టి, భుజం మీద ఎత్తుగా పరుచుకుని, మళ్లీ చిన్నతమ్ముడి పక్కకి వచ్చి నిలబడ్డాడు.